వెలుతురు చూడటానికి నిలబడ్డ మనిషి

పదకొండింటికి పాపని తీసుకొస్తామన్నారు, పదకొండూ పది దాటింది, గోడ గడియారం ముందు నడుస్తోందేమోనని ఆమె తన చేతి గడియారం చూసుకుంది, అదీ అంతే చెప్పింది, ఇద్దరు సాక్షులు ఒకే మాట మీద నిలబడ్డాక ఇక వాదించడానికేముంది, కూర్చోవడమే. కూర్చుందామంటే వేసినవి పిల్లల కుర్చీలు, మోకాళ్ళు వచ్చి గడ్డానికి తగులుతున్నాయి, పక్కన భర్త పరిస్థితి ఇంకా ఘోరం, ఆరడుగుల మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకదాని మీద ఒకటి ఒళ్ళో పెట్టుకున్నాడు. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం ఆయనది, ఇరవై రెండేళ్ళ సర్వీసు, రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయినవాళ్ళకి పైనుంచి కేకేసి ధైర్యం చెప్పడం వెన్నతో పెట్టిన విద్య, ఇప్పుడూ అదే గొంతుతో, "కంగారు పడకు, కదులుతుంది," అన్నాడు. ఏం కదులుతుందో ఆయనకే తెలియాలి. మరో రోజైతే ఆమె పకపకా నవ్వేది. ఇప్పుడు అరచేతులు చెమట పట్టి, చీర కొంగుకి తుడిచి, మళ్ళీ పట్టి, మళ్ళీ తుడిచి, దేశం కాని దేశంలో భాష కాని భాషలో గోడల మీద ఏం రాసుందో కూడా తెలియక, నీలం చాప వైపు చూస్తూ కూర్చుంది. కిటికీ ఎడమ పక్కనుంది. బయట మబ్బు. మెత్తటి వెలుతురు, పాప వచ్చి ఆ చాప మీద నిలబడితే మొహం మీద ఎక్కడా నీడ పడదు, కళ్ళల్లో చిన్న మెరుపు వస్తుంది, కాస్త కుడికి తిరిగితే చాలు. ఛీ, ఇదేం బుద్ధి, కెమెరా గేటు దగ్గర ఇచ్చేసి వచ్చినా బుద్ధి మాత్రం మెడలో వేలాడుతూనే ఉంది.

గేటు దగ్గర అన్నీ తీసేసుకున్నారు, కెమెరా, ఇద్దరి ఫోన్లూ, ఆయన జేబులోని స్క్రూడ్రైవరు కూడా. పాపతో కలయికల్లో ఫోన్లు ఉండకూడదట, రూలు. మూడే కలయికలు, రోజుకొకటి, ఒక్కొక్కటి గంట, మూలన బల్ల దగ్గర కూర్చున్న కళ్ళద్దాలావిడ, సర్కారు తరఫు అధికారి, పాప ఎవరి దగ్గరికి వెళ్ళింది, ఎవరి చెయ్యి పట్టుకుంది, ఏడ్చిందా నవ్విందా అన్నీ రాసుకుంటుంది, నాలుగో రోజు ఆ కాగితం చూసే జడ్జిగారు అవుననో కాదనో అంటారు. పాప అమ్మ దగ్గరికి పోలేదని ఆవిడ ఒక్క ముక్క రాసిందంటే ఆరేళ్ళ దత్తత ఫైలు వెనక్కి పోతుంది, ఇంకో పాప ఫైలు మొదలు కావడానికి ఇంకో ఆరేళ్ళు, అప్పటికి వయసు దాటిపోయిందని వాళ్ళే కొట్టేస్తారు. ఈ సంగతంతా నిన్న దుబాసీ చెప్పింది, ఇక్కడి మాట మన మాటలోకి మార్చి చెప్పే పెద్దావిడ, పూర్వం పంతులమ్మట, పాఠం చెప్పినట్టే చెప్పింది. ఇంకో పాప ఎవరు, ఎందుకు, పాప అంటే ఒకటే. ఎనిమిది నెలల క్రితం ఫొటో వచ్చింది, ఫ్లాష్ నేరుగా మొహాన కొట్టి ఎవరో తీసిన చెత్త ఫొటో, కళ్ళు ఎర్రగా, వెనక గోడ మీద నల్లటి నీడ, ఊళ్ళో తన ఫొటో స్టూడియోకి ఎవరైనా అలాంటిది తెస్తే ఇలా ఇవ్వకండి, కొత్తది తీస్తాను కూర్చోండి అనేది, దాన్నేమో కౌంటరు సొరుగులో పెట్టుకుని పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినవాళ్ళు తల దువ్వుకునే ఆ అర నిమిషంలో సొరుగు లాగి చూసుకునేది. ఒక మోచేతి మీద పొక్కు కట్టిన దెబ్బ. అది మానిందో లేదోనని ఎనిమిది నెలలుగా దిగులు.

ఆ ఫొటోతో పాటే ఉత్తరం కూడా వచ్చింది, పన్నెండు ఫొటోల ఆల్బం పంపండి, తల్లీ తండ్రీ ఇల్లూ పాప పడుకోబోయే గదీ, రోజూ చూపిస్తాం, మీరు వచ్చేసరికి మొహాలు అలవాటవుతాయి. ఆ ఆదివారం ఇల్లు తిరునాళ్ళే అయింది. ఆడపడుచు పొద్దున్నే వచ్చి వాలింది, ఇల్లు సర్దడానికి సాయమని, సర్దినదానికంటే నవ్వింది ఎక్కువ, ఆవిడ నవ్వితే గదిలో ఇంకో దీపం పెట్టినట్టుంటుంది, ఇద్దరు పిల్లల తల్లి, ఒళ్ళు దాచుకోదు, నోరూ దాచుకోదు, పాప గదికి వేసిన రంగు చూసి, "వదినా, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అప్పుడే మంచం కూడా కొనేశారా," అని, అని నాలిక కరుచుకుని, వచ్చి వాటేసుకుంది. ఆ మాటకి బాధపడలేదు, నిజంగానే పడలేదు. "నువ్వు కాసేపు అన్నయ్య పక్కన నిలబడు, వెలుతురు చూసుకుంటాను," అంది. స్టూడియోలో ఎప్పుడూ చేసే పనే అది, ముందు ఎవరినో ఒకరిని నిలబెట్టి, వెలుతురు కుదుర్చుకుని, స్టాండు బిగించి, అప్పుడు అసలు మనిషిని పిలుస్తారు, నాన్న నేర్పిన పద్ధతి. ఆడపడుచు కిటికీ దగ్గర నిలబడింది, వంటగట్టు దగ్గర నిలబడింది, కొత్త మంచం మీద బొమ్మల పుస్తకం పట్టుకుని కూర్చుంది, అన్నాచెల్లెళ్ళిద్దరూ చిన్నప్పటి నుంచీ ఉన్న పోట్లాటలన్నీ తవ్వుకుని విరగబడి నవ్వారు, తర్వాత ఆవిడని లేపి, టైమరు నొక్కి, అసలు మనిషి పరిగెత్తుకుంటూ పోయి అదే చోట కూర్చుంది. వెలుతురు చూడటానికి తీసినవీ కలిపి డెబ్భై ఫొటోలు. పెళ్ళి ఫొటోలోనూ ఆమెవి మూసిన కళ్ళే, అందుకే నన్ను చేసుకున్నావు, తెరిచి చూసుంటే చేసుకునేదానివా అని ఆయన ఇప్పటికీ అంటాడు.

సోమవారం స్టూడియోలో తలుపు దగ్గరగా వేసి ఏరడానికి కూర్చుంది. ఇందులో మెడ బిగుసుకుంది, ఇందులో కళ్ళు మూసుకుంది, ఇందులో నవ్వు అరువు తెచ్చుకున్నట్టుంది, ఇందులో ఇంటికొచ్చిన చుట్టంలా ఉన్నాను, తీసెయ్. ఊళ్ళోవాళ్ళ మొహాలన్నీ సరిదిద్దే మనిషికి తన మొహం దగ్గరికొచ్చేసరికి చెయ్యాడదు, అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందట. బాగున్నవి ఏరింది. ఫొటోల మనిషి కదా, బాగున్నవే ఏరుతుంది. ఏడింటిలో అన్నాచెల్లెళ్ళు, రెండింటిలో ఇల్లు, రెండింటిలో ఆయనొక్కడే, చివరిది అద్దంలో తాను, మొహానికి అడ్డంగా కెమెరా. వెనక వైపు గుండ్రటి అక్షరాలతో మీ నాన్న, మీ అత్త, ఇది నీ గది, ఇది అమ్మ అని రాసింది, మన అక్షరాలు అక్కడ చదివేవాళ్ళెవరని ఒక్కసారైనా తట్టలేదు. ఆయన చూసి, "మరి నువ్వేవీ?" అన్నాడు. "ఎలాగూ వెళ్తున్నాంగా, ఎదురుగానే చూస్తుందిలెండి," అంది. అప్పుడు అబద్ధం చెప్పింది, ఈ చిట్టి కుర్చీలో కూర్చుని ఎవరికీ వినబడకుండా ఒప్పుకోవచ్చు. భయమేసింది. ఆ పాప నా మొహం చూసి నచ్చక మొహం తిప్పుకుంటుందేమో, రోజూ చూసి రోజూ తిప్పుకుంటుందేమో అని భయం, అంతే.

తలుపు తెరుచుకుంది. ముందు ఆయా వచ్చింది, బొద్దుగా, చేతులు కడుక్కుని తుడుచుకోకుండా వచ్చినట్టు తడిగా, ఆవిడ వెనక పసుపు గౌను, అంచు మడత విప్పి పొడుగు చేసిన గౌను, పాత మడత ఉన్నచోట గీత ఇంకా తెల్లగా కనబడుతోంది, కత్తిరించిన జుట్టు, నాలుగున్నరేళ్ళ కాళ్ళకి ఆరేళ్ళ బూట్లు, భుజానికి గుడ్డ సంచి. మోచెయ్యి. మానింది, మచ్చ కూడా పోతోంది. ఆమె లేవబోయింది, కుర్చీ ఆమెతో పాటే లేచింది, దాన్ని వదిలించుకునే లోపల పాప చాప దాటి, ఎవరూ చెప్పకుండానే, తిన్నగా ఆయన దగ్గరికి వెళ్ళి, చూపుడువేలు చాచి మీసం మీద పెట్టింది. నిజమైనదో కాదో చూస్తున్నట్టుంది. ఆయన కదల్లేదు, ఊపిరి కూడా తీసుకోలేదు, కళ్ళ నుంచి నీళ్ళు మాత్రం ధారగా కారుతున్నాయి, అంత మనిషి, పిల్ల వేలు తడుస్తుందేమోనని తల పక్కకి తిప్పుకున్నాడు. ఇప్పుడు నా వైపు చూస్తుంది, ఇప్పుడు, ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది, చేతులు చాపాలా వద్దా, చాపితే బెదురుతుందా, సగం చాపింది. పాప చూసింది. బస్సులో పక్క సీటులో ఎవరున్నారో చూసే చూపు. తర్వాత తలుపు వైపు చూసింది, గబగబా వెళ్ళి తలుపు రెండు చేతులతో పట్టి తెరిచి వరండాలో అటూ ఇటూ చూసింది, వెనక్కి వచ్చి గోడ వారగా నిలబడ్డ దుబాసీని ఏదో అడిగింది. గదిలో ఉన్న ఆ దేశం మనుషులు ముగ్గురూ ఒక్కసారే ఆగిపోయారు.

"ఏమంది?" అంది ఆమె.

"చిన్నపిల్ల కదమ్మా," అంది దుబాసీ.

"ఏమందో చెప్పండి."

"అమ్మ ఇంకా మెట్లెక్కుతోందా అని అడుగుతోంది."

అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో, ఒక క్షణమే అయ్యుంటుంది, కానీ ఆ క్షణంలో ఆమె ఆ ఆదివారమంతా మళ్ళీ నడిచొచ్చింది, కిటికీ, వంటగట్టు, మంచం, నువ్వు కాసేపు నిలబడు. పాప సంచిలోంచి ఆల్బం తీసి తెరిచి చాప మీద పెట్టి, పాఠం అప్పజెప్పినట్టు వేలు పెట్టి చూపించింది, ఇదిగో నాన్న, ఇడుగో ఇక్కడున్నాడు, ఇదిగో అమ్మ. ఫొటోల మీది పారదర్శకపు కాగితం ఏడు చోట్ల మసకబారి ఉంది, ఏడు చోట్లా ఒకే మొహం మీద, ముద్దులు పెట్టి పెట్టి. ఆయా ఫొటో వైపు చూసింది, ఆమె వైపు చూసింది, మళ్ళీ ఫొటో వైపు, ఆ తడి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. రాత్రి తిండి అయ్యాక రోజూ చూపించిందట, ఒక్క రోజు మానలేదట, జ్వరమొచ్చిన రోజు కూడా, అని దుబాసీ మెల్లగా చెప్పుకొస్తోంది, ఆ ఆయాని ఏమనగలం, నాన్న పక్కన నవ్వుతూ ఉన్న ఆవిడ, పాప మంచం మీద పుస్తకం పట్టుకున్న ఆవిడ, అమ్మ కాక ఇంకెవరవుతుంది, ఎవరైనా అలాగే అనుకుంటారు, నేనైనా అలాగే అనుకుంటాను. తప్పు చేసినవాళ్ళెవరూ లేరు ఈ గదిలో, ఒక్కదాన్నే ఉన్నాను. తన గొయ్యి తాను తవ్వుకోవడం అంటారు, తవ్వి ఊరుకోలేదు, వెలుతురు కుదిర్చి మరీ తవ్వాను.

చివరి ఫొటో దగ్గర పాప ఆగింది. అద్దం, కెమెరా, కెమెరా పట్టుకున్న రెండు చేతులు. పాప వేలు ఆ చేతుల మీద పెట్టి, ఆమె చేతుల వైపు చూసి, ఉంగరం చూసి, మొహం విప్పారింది, దుబాసీతో గలగలా చెప్పింది. "మిమ్మల్ని గుర్తుపట్టింది," అంది దుబాసీ, ఆవిడ గొంతులో సంతోషమూ ఉంది, ఇబ్బందీ ఉంది. "అమ్మానాన్నల ఫొటోలు తీసే మనిషివి నువ్వేనా అంటోంది."

"అవును, నేనే. నేనే అమ్మనని చెప్పండి. ఆవిడ అత్త, నాన్నకి చెల్లెలు. నేను అమ్మని."

దుబాసీ కింద కూర్చుని, పంతులమ్మ ఓపికంతా తెచ్చుకుని చెప్పింది. పాప నవ్వింది. పెద్దవాళ్ళు ఆటలాడుతుంటారు, నేను నీ ముక్కు తీసేసుకున్నాను అంటారు, చూస్తే ముక్కు ముక్కు దగ్గరే ఉంటుంది, అలాంటిదే ఇదీ అనుకుంది. దుబాసీ మళ్ళీ చెప్పింది. నవ్వు సగంలో ఆగింది. మూడోసారి చెబుతుండగా పాప కింది పెదవి వణకడం మొదలైంది, ఆల్బం గుండెకి అదుముకుని ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ ఆయా కాళ్ళకి తగిలి ఆగింది, మూలన కళ్ళద్దాలావిడ కలం పైకెత్తింది. "వద్దులెండి, ఆపండి, ఇక చెప్పకండి," అంది ఆమె. ఎలా చెప్పాలి, ఏమని చెప్పాలి, ఆ పిల్లకి పుట్టి బుద్ధెరిగాక ఉన్నది ఒక్క అమ్మ, ఎనిమిది నెలల కాగితం అమ్మ, నేను అమ్మనని గట్టిగా అంటే ఆ అమ్మని చంపినట్టు, అనకపోతే నేను లేనట్టు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇన్నాళ్ళూ సామెతే అనుకుంది. ఎక్కడో ఈ వేళకి కూరగాయలు తరుగుతూనో పిల్లల్ని కసురుతూనో ఉండే ఆడపడుచు మీద కోపం వచ్చింది, ఆ నవ్వు మీద, ఆ కాస్త సొట్టపడే బుగ్గ మీద, ఏ పాపం ఎరగని మనిషి మీద, దానికి సిగ్గేసింది, సిగ్గేసినా కోపం పోలేదు.

ఆయన ఏదో ఒకటి బాగుచేయకుండా ఉండలేడు, పాప బూటు లేసు ఊడిందని చాప మీద బోర్లా పడుకున్నంత పని చేసి కడుతున్నాడు, పాప కట్టనిచ్చింది, రెండో కాలు కూడా చాపింది. తల ఎత్తకుండానే, "రేపు ఫోనుకి పర్మిషన్ అడుగుదాం, చెల్లితోనే చెప్పిద్దాం," అన్నాడు. చెల్లితో. ఫోనులో బొమ్మ కదిలి, నవ్వి, బంగారూ అని పిలుస్తుంది, పిలవకుండా ఉండలేదు, ఆవిడ గుణమే అది, కాగితం మీదున్న అమ్మకి ప్రాణమొస్తుంది, అప్పుడు ఆ అమ్మే నేను అమ్మని కాను అంటుంది, నాలుగున్నరేళ్ళ పిల్లతో, అది ఆ పిల్ల రెండోసారి వినాలి. మొదటిసారి ఎవరు, ఎలా వదిలేశారో ఫైల్లో ఒకే ఒక్క వాక్యం ఉంది, ఆ వాక్యం ఆమె ఒకసారి చదివి మళ్ళీ ఆ పేజీ తిప్పలేదు. "చూద్దాం," అంది. ఆయన లేసు ముడి రెండుసార్లు బిగించాడు.

కుదుటపడ్డ పాప మళ్ళీ దగ్గరికొచ్చింది, ఆమె దగ్గరికి కాదు, ఫొటోల మనిషి దగ్గరికి. భయం లేదు, కుతూహలమే. కిటికీ దగ్గరి ఫొటో చూపించి ఏదో అడిగింది. "ఇది తీసేటప్పుడు నువ్వెక్కడున్నావు అంటోంది," అంది దుబాసీ. ఆమె చేత్తో చూపించింది, ఇక్కడ, వాళ్ళకి ఎదురుగా, ఇదిగో వీళ్ళిద్దరూ చూసేది నన్నే, నవ్వేది నాతోనే. దుబాసీ చెప్పింది. పాప ఆలోచించింది, కనుబొమలు దగ్గరికొచ్చాయి, ఫొటోని కవర్లోంచి జాగ్రత్తగా బయటికి లాగి, వెనక్కి తిప్పి చూసింది. అక్కడ ఎవరూ లేరు. గుండ్రటి అక్షరాలు మాత్రం ఉన్నాయి, పాప వాటి మీద వేలితో ఒకసారి రాసింది, మళ్ళీ ఇటు తిప్పింది, మళ్ళీ అటు, ఇంకో ఫొటో లాగి అదీ తిప్పి చూసింది, ఏడూ చూసింది. పాపం, వెతికింది. ఆ వెతుకులాట చూస్తూ ఆమె పెదవి కొరుక్కుంది, ఇప్పుడు ఏడిస్తే పాప బెదిరిపోతుంది, కళ్ళద్దాలావిడ అదీ రాస్తుంది. ఫొటోలన్నీ తిరిగి కవర్లలో పెట్టడంలో సాయం చేసింది, ఒక్కొక్కటే, ఏది ఎక్కడుండాలో పాపకి కంఠతా వచ్చు, ఆమె ఒకటి తప్పుగా పెడితే తీసి సరిచేసింది, ఆ సరిచేయడంలో ఇద్దరి వేళ్ళూ కాగితం మీద ఒకదాని పక్కన ఒకటి నడిచాయి, తగల్లేదు.

గంట అయింది. కళ్ళద్దాలావిడ గడియారం చూసి ఏదో అంది, ఆయా పాప సంచి సర్దింది. పాప ఆయన మీసాన్ని ఇంకోసారి ముట్టుకుని, తలుపు దాకా వెళ్ళి, ఆగి, ఆయా చెయ్యి విడిపించుకుని వెనక్కొచ్చింది, వచ్చి సరిగ్గా ఆమె ముందు నిలబడింది, కిటికీ వెలుతురు మొహం నిండా ఉంది. చాలా మర్యాదగా, పెద్దవాళ్ళతో పని ఉన్నప్పుడు మాట్లాడే పద్ధతిలో, పొడుగ్గా ఏదో చెప్పింది.

దుబాసీ గొంతు తగ్గించింది. "రేపు వచ్చేటప్పుడు అమ్మని కూడా తీసుకురమ్మంటోంది. మర్చిపోవద్దంటోంది." ఆమె వైపు వంగి, "ఏం చెప్పమంటారమ్మా?" అంది.

ఆమె భర్త వైపు చూసింది, ఆయన నేల వైపు చూస్తున్నాడు. ఆయా తలుపుకి ఆనుకుని ఉంది. కళ్ళద్దాలావిడ కలానికి ఇంకా మూత పెట్టలేదు. పాప తల పూర్తిగా పైకెత్తి, ఆ మొహంలోనే జవాబు కనిపిస్తుందన్నట్టు, ఆమె మొహం వైపు రెప్ప వేయకుండా చూస్తోంది, ఇంతసేపట్లో మొదటిసారి, ఆమెనే, ఆమె ఒక్కదాన్నే.

"తీసుకొస్తానని చెప్పండి," అంది ఆమె.

దుబాసీ చెప్పింది. పాప విని, తల ఊపి, తన చెయ్యి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది, కాస్త జిగటగా ఉంది. మూలన కళ్ళద్దాలావిడ తల వంచి గబగబా రాసుకుంటోంది, రాస్తూ నవ్వుతోంది కూడా. ఆమె ఆ చెయ్యి వదల్లేకపోయింది, చివరికి పాపే విడిపించుకుని వెళ్ళిపోయింది.